ఒప్పుకున్న విలువ

రివర్టన్ చేరేసరికి దక్షిణపు గాలి
షెడ్డు రేకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతోంది.
ఇష్‌బెల్ గిల్‌క్రిస్ట్ తలుపు తీసి
ముందు నా బూట్లు చూసింది, తర్వాత నా కార్డు.
"ఇన్సూరెన్స్ మనిషివి నువ్వేనా?"
ఆ 'రె'ని నాలుక మీద రెండు చుట్లు తిప్పింది,
ఈ తీరంలో అందరూ తిప్పినట్టే.

లోపల, ఉన్ని గోనెల పక్కన
పాత దుప్పటి కింద హంబర్ హాక్.
యాభై ఆరో సంవత్సరానిది. పచ్చి బఠాణీ రంగు.
నిద్రపోతున్నవాళ్ళ మీంచి లాగినట్టు
మెల్లగా లాగింది దుప్పటిని.

నా సంచిలో ఒక పట్టిక ఉంది.
అందులో బండ్లన్నిటికీ ఒకటే జాతకం:
కొన్ననాడే చావడం మొదలు,
ఏడాదికి ఇంత చొప్పున.
పదిహేనో ఏటికి తుక్కు.
ఆ తర్వాతి గడులు ఖాళీ.
ఈ బండి ఆ ఖాళీలోనే
యాభై ఏళ్ళుగా తిరుగుతోంది.

"మీ ఆయన బాగా చూసుకున్నారు" అన్నాను.
అన్నాక తెలిసింది, అనకూడదని.
కుడిచెయ్యి చాచింది. చూపుడువేలి కణుపు
పక్కకి తిరిగి అతుక్కుంది.
"గేర్‌బాక్స్. తొంభై ఒకటి, జూలై. బయట మంచు.
ఆయనకి టైరు మార్చడం కూడా రాదు.
కేకులు మాత్రం బ్రహ్మాండంగా చేసేవాడు."

బిస్కెట్ల డబ్బా నిండా రసీదులు.
బంపర్‌కి క్రోమ్ పూత, ఇన్వర్‌కార్గిల్‌లో.
తలుపుల రబ్బరు, ఓడ మీద నాలుగు నెలలు.
కార్బురేటర్, చచ్చిపోయిన మరో హంబర్‌ది;
దానికి బదులు ఒక గొర్రె.
పట్టిన గంటల లెక్క ఎక్కడా లేదు.
"వాన పడ్డ ఆదివారాలన్నీ" అంది.
"ఎన్నో నాకేం తెలుసు, వాతావరణ శాఖని అడుగు."

డిక్కీ మీద అరచెయ్యంత సొట్ట.
ఇది తీయించి రంగు వేయిస్తే
మరో మూడు వేలు పలుకుతుందన్నాను.
"అది సొట్ట కాదు, పొట్టేలు. పేరు బిషప్."
ఇంకేం చెప్పలేదు.
సొట్ట అనే రాసుకున్నాను.
పొట్టేలు అని రాయడానికి గడి లేదు.

చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదట.
ముప్ఫై ఏళ్ళుగా నా తిండి ఆ పాలే:
కాలిపోయిన కార్లన్నీ కొత్తవే,
దొంగలు పట్టుకుపోయినవన్నీ రాజుగారివే.
అందుకే ఈ రాక,
బర్రె బతికుండగానే, నెమరేస్తుండగానే
ఇద్దరం కలిసి ఒక అంకె మీద చెయ్యి వెయ్యడానికి.

"నలభై వేలు రాయనా?"
తల అడ్డంగా ఊపింది.
"కరెంటు బిల్లు వచ్చిన ఏదో ఒక రాత్రి
ఈ షెడ్డు అంటుకుంటే బాగుండునని
ఒక్క క్షణం అనిపిస్తుంది నాకు. వద్దు."

"పద్దెనిమిది?"
"అప్పుడు భయంతో రోడ్డెక్కించను.
దుప్పటి కిందే ఉంచేస్తాను.
దాన్ని బండి అనరు."

టీ చల్లారింది. రేకుల లెక్క
గాలికి ఎక్కడో తప్పింది, మళ్ళీ మొదటికొచ్చింది.
చాలాసేపు హెడ్‌లైట్లకేసి చూసి,
వాటినీ అడిగినట్టే ఉంది,
ఇష్‌బెల్ అంది:
"పోతే సంబరం కలగకూడదు.
పోతుందేమోనని వణుకూ ఉండకూడదు.
మధ్యలో ఎక్కడో ఉంటుంది, వెతుకు."

ఇరవై రెండు. ఇరవై అయిదు.
ముప్ఫై అనేసి మళ్ళీ వెనక్కి.
ఇరవై ఏడు దగ్గర ఆమె కప్పు కింద పెట్టింది.
"ఇరవై ఏడు వేల నాలుగు వందలు."
"నాలుగు వందలు దేనికి?"
"బిషప్‌కి."

రాశాను. గడి సరిపోయింది.

సంతకం చేసి, పెన్ను తిరిగిచ్చే ముందు
దాని మూత బిగించింది,
ఆగి, ఇంకో పావు చుట్టు.